సరిహద్దు దేశం నుంచి వచ్చినవాళ్లు

"ఒకప్పుడు చైనావాళ్లు మన దేశానికి సాష్టాంగపడ్డారు" అనే ఫార్వర్డ్ మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ వచ్చింది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

చైనా బౌద్ధ భిక్షువు ఫాహియాన్ 399లో అక్కడి చాంగాన్ నగరం నుంచి మన దేశానికి బయల్దేరాడు. భిక్షువుల నియమాలు చెప్పే వినయ గ్రంథాలు తన దేశంలో అరకొరగానే ఉన్నాయని ఆయన బాధ. ఎడారులూ కొండలూ దాటి, బుద్ధుడు నివసించిన జేతవన విహారం చేరితే, సరిహద్దు దేశంవాళ్లు ధర్మం కోసం ఇంత దూరం రాగలిగారా అని అక్కడి భిక్షువులు ముక్కున వేలేసుకున్నారు. సరిహద్దు దేశమంటే చైనా! తమ నేలే లోకానికి నడిబొడ్డు అనుకునే చోట పుట్టినవాడు ఆ మాటను దాచకుండా రాసిపెట్టాడు. పైగా 'మధ్యదేశం' అనే పేరు గంగాతీరానికే ఇచ్చాడు.

తోడొచ్చిన దావోజెంగ్ అయితే, పాటలీపుత్రంలో భిక్షువుల నడవడి చూసి, బుద్ధత్వం పొందేదాకా మళ్లీ సరిహద్దు దేశంలో పుట్టకూడదని మొక్కుకుని అక్కడే ఉండిపోయాడు. ఫాహియాన్ ఉండలేదు. మూడేళ్లు సంస్కృతం నేర్చుకుని, వినయ గ్రంథాలకు నకళ్లు రాసుకుని, ఒంటరిగా తిరుగుముఖం పట్టాడు. దారిలో సింహళంలో, పచ్చరాతి బుద్ధుడి ముందు ఒక వర్తకుడు చైనా తెల్లపట్టు విసనకర్ర సమర్పించడం కంటపడింది. ఆయనకు కన్నీళ్లు ఆగలేదు. నాకు ఇక్కడే గొంతు పట్టేస్తుంది. ఇందులో సాష్టాంగం ఎక్కడుంది? ఒకడికి తన ఊళ్లో దొరకనిది ఇక్కడ దొరికింది, ఇంకొకడు దాన్ని తన ఊరికి మోసుకెళ్లాడు. వాళ్ల మనసులోని భారతదేశం వాళ్ల వెలితిలోంచి పుట్టింది. దాన్ని మనం మెడల్‌లా తగిలించుకోవడం నాకు నచ్చదు.

చైనా అంతా అలా అనుకోనూ లేదు. తమ మతానికి మూలపురుషుడైన లావోజీయే పడమటికి వెళ్లి బుద్ధుడై అక్కడి అనాగరికులను దారిలో పెట్టాడని తావోవాదులు ఏకంగా ఒక గ్రంథమే పుట్టించారు. 819లో చక్రవర్తి బుద్ధుడి వేలి ఎముకను రాజభవనానికి తెప్పిస్తుంటే, హాన్ యూ అనే అధికారి, బుద్ధుడు చైనా భాష రాని, చైనా బట్ట కట్టని పరాయివాడని, ఆ ఎముకను నీళ్లలోనో నిప్పులోనో పడేయమని విన్నపం రాశాడు. ప్రాణం దక్కింది కానీ, దూరాన చావోజౌకు పంపేశారు.

ఇవేవీ ఫార్వర్డ్‌లలో రావు. మరో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ నలందాను పొగిడిన మాటలే తిరుగుతాయి. ఆయన అమరావతి దగ్గరి మన ధాన్యకటకానికీ వచ్చాడు, నెలల తరబడి ఉండి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం చదివాడు. అక్కడి సంఘారామాలు (భిక్షువుల మఠాలు) చాలావరకు పాడుబడ్డాయనీ, మిగిలినవి ఇరవై దాకా ఉన్నాయనీ రాశాడు. నేనైతే ఆ వాక్యాన్నే గ్రూపులో పెట్టాను.