లిస్టు గారూ, మనం నేపాల్ ఎప్పుడు పోతాం?

మహబూబ్‌నగర్.

గౌరవనీయులైన నా బైకు టూరు లిస్టు గారికి,

మోటార్ వైండింగ్ షాపు వాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమంగా ఉన్నారని, పైగా బాగా ఒళ్ళు చేశారని ఫోను తెరిస్తేనే తెలుస్తోంది. నిన్న రాత్రికి మీ బరువు 143 అంశాలు.

మూడేళ్ళ కింద మీరు పుట్టినప్పుడు ఐదే అంశాలు. కాలిపోయిన బోరు మోటారు విప్పుతూ, చేతికి గ్రీజు ఉండగానే బిల్లు బుక్కు వెనకాల రాశాను: పాస్‌పోర్టు, రెయిన్ కోటు, క్లచ్ వైరు, పంక్చర్ సామాను, డబ్బులు. ఆ నెలలోనే బండి తీసి ఉంటే ఈ ఉత్తరం ఖర్చు తప్పేది. కానీ మరుసటి రోజు మీరు బిల్లు బుక్కులోంచి ఫోనులోకి మారారు. ఫోనులో కాగితం అయిపోవడమనేది ఉండదు కదా.

మొదట మనకు వియత్నాం మోజు. అక్కడ బండి అద్దెకు తీసుకుని కొండల్లో తిరగాలని. అందుకు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలన్నారు మీరు. తీయించాను. తీయించాక తెలిసింది, మన దేశంలో ఇచ్చేది 1949 నాటి జెనీవా ఒప్పందం పర్మిట్, వియత్నాం ఒప్పుకునేది 1968 నాటి వియన్నా ఒప్పందం పర్మిట్‌ని. సరే, దేశం మార్చాం. నేపాల్ అన్నాం. అక్కడ మన లైసెన్సే చెల్లుతుంది, పర్మిట్ అక్కర్లేదు. అయినా మీరు దాన్ని కొట్టెయ్యనిచ్చారా? "ఉంటే మంచిదే కదా" అన్నారు. దాని గడువు ఏడాదే. తీరిపోయింది. మళ్ళీ తీయించాను, అదీ తీరిపోయింది. మా పక్కనే ఉన్న జడ్చర్ల దాటకుండా రెండు అంతర్జాతీయ పర్మిట్లు అరగదీసినవాణ్ణి పాలమూరులో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ "ఉంటే మంచిదే కదా" అన్న మాట మీకెవరు నేర్పారో గాని, నా కొంప దానివల్లే ఇలా అయింది.

కార్నెట్ గుర్తుందా? బండికి పాస్‌పోర్టు లాంటిది. పరాయి దేశంలో అమ్ముకోకుండా తిరిగి తెస్తామని పూచీ. దానికి బ్యాంకు గ్యారంటీ కావాలి. రెండు వారాలు నాకు నిద్ర లేదు. మా ఆవిడ గాజుల వైపు ఒకటి రెండుసార్లు చూశాను, ఆమె నా వైపు చూసింది, అంతటితో ఆ ఆలోచన పోయింది. చివరికి షాపుకొచ్చిన ఒక లారీ డ్రైవరు నవ్వాడు. "నేపాల్‌కు గదెందుకన్నా? బార్డర్ల భన్సార్ కట్టి పోవుడే." భన్సార్ అంటే నేపాల్ కస్టమ్స్ వాళ్ళు మన బండికి రోజుల లెక్కన తీసుకునే రుసుము. ఏడాదిలో 30 రోజులకు మించి మన బండి అక్కడ ఉండకూడదు. ముప్పై రోజులు! సైడు పెట్టెలకు రంగు ఎంచుకోవడానికే మనకు నలభై రోజులు పట్టింది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. 17వ అంశం. మన బండి ఇన్సూరెన్సు మన దేశం వరకే, నేపాల్‌లో కూడా చెల్లాలంటే అదనంగా డబ్బు కట్టి పాలసీ మీద ప్రత్యేకంగా రాయించుకోవాలి. ఈ మాట లారీ డ్రైవరూ చెప్పలేదు, మెకానిక్కూ చెప్పలేదు, మీరే చెప్పారు. దానికి దండం. రాయించాను కూడా. పాలసీ ఏడాది అయిపోగానే అదీ అయిపోయింది.

ఇక సామాను. మెకానిక్ భాయ్ మీ సగం అంశాలు చదివి ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు. "అన్నా, నాలుగు పానాలు, ఒక క్లచ్ వైరు, పంక్చర్ డబ్బా. కొత్త క్లచ్ వైరును ఇప్పుడున్న వైరు పక్కపొంటే కట్టి పెడుత. తెగితే అక్కడికక్కడ కొసలు మారిస్తే ఐపాయె. ఇంకేం గావాలె?" పది నిమిషాల్లో కట్టేశాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. మీకు అది నచ్చలేదు. ఆ రాత్రే 88 నుంచి 104 దాకా పెరిగారు: మడత కుర్చీ, గాలి దిండు, కాఫీ వడకట్టే పరికరం. నేను కాఫీ తాగను. మన ఇంట్లో చాయే.

అన్నీ ఎక్కించి ట్రయల్ చూద్దామని ఒక ఆదివారం జడ్చర్ల బయల్దేరాం. బుల్లెట్టే దగ్గర దగ్గర 195 కిలోలు. మీ బరువు వేరే. పెట్రోలు బంకులో సైడు స్టాండు వేసి దిగానో లేదో బండి మెల్లగా, మర్యాదగా, పెద్దల కాళ్ళకు దండం పెట్టినట్టు పక్కకు ఒరిగింది. నలుగురు వచ్చి లేపారు. అందులో ఒకాయన "ఏడికి పోతున్రు సార్, లడాఖా?" అన్నాడు. నేపాల్ అన్నాను. ఆయన పెట్టెల వైపు చూసి "ఇల్లు ఖాళీ చేస్తున్రేమో అనుకున్న" అన్నాడు.

అక్కడే రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు చూశాను. జడ్చర్ల మీదుగా పోయే ఆ రోడ్డు ఇప్పుడు 44వ నంబరు. 2010లో నంబర్లు మార్చకముందు అది 7, వారణాసి నుంచి కన్యాకుమారి దాకా. మా ఊరి రోడ్డు అసలు కాశీ రోడ్డే, లిస్టు గారూ. కాశీ నుంచి గోరఖ్‌పూర్, అక్కణ్ణుంచి సునౌలి, అదే బార్డర్. దారి ఇంత తిన్నగా ఉంది. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అనేవారు పూర్వం. వాళ్ళైనా పోయారు.

మా తాత కూడా పోయాడు, నాగార్జునసాగర్ కట్టేటప్పుడు మట్టిపనికి. ముల్లెలో జొన్నరొట్టెలు, భుజం మీద గొంగడి. అదే ఆయన రెయిన్ కోటు, అదే టెంటు, అదే పరుపు. నేను మాత్రం నాలుగు పొరల జాకెట్ కొని, చలికి ఆగుతుందో లేదో చూద్దామని మే నెలలో వేసుకుని డాబా ఎక్కాను. ఏం తేలిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం తాగిన ఓఆర్ఎస్ కూడా మీలోదే, 52.

ఈలోగా పెట్టెల్లో ఉన్నవి ముసలివైపోతున్నాయి. జ్వరం మాత్రల తారీఖు దాటింది. రెండు ఎండాకాలాలు పెట్టెలో పడుకున్న స్పేర్ ట్యూబు దానికదే అతుక్కుంది. టైర్ల మీద నాలుగంకెలు ఉంటాయి, 1223 అంటే 2023లో 12వ వారం తయారైందని. నా "కొత్త" టైర్ల మీద ఆ అంకెలు చూసి మెకానిక్ భాయ్ ఏమీ అనలేదు, చాయ్ తెప్పించాడు. నేపాల్ టైము కోసం కొన్న గడియారం షాపులో తగిలించి ఉంది. వాళ్ళది మనకంటే 15 నిమిషాలు ముందు. అది చూసి మా కుర్రాడు రోజూ 15 నిమిషాలు ముందే షాపు కట్టేసి ఇంటికి పోతున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న దసరా అయ్యాక మా అమ్మ ముక్తినాథ్ వెళ్ళొచ్చింది.

అవును, మనం మీలో మూడో పేజీలో "చివరి గమ్యం" అని పెద్ద అక్షరాలతో రాసుకున్న ముక్తినాథే. విష్ణువు 108 దివ్యదేశాల్లో ఒకటని వాడకట్టు ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళారు. రైల్లో గోరఖ్‌పూర్, అక్కణ్ణుంచి బస్సు. నేపాల్ పోవడానికి మనకు పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి, ఆధార్ కుదరదు. కానీ 65 దాటినవాళ్ళకు ఆధార్ కూడా సరిపోతుంది. అమ్మకు 72. ఆమె తయారీ మొత్తం ఒక గుడ్డ సంచి, రెండు చీరలు, సర్వపిండి, తాత గొంగడి. సముద్రమట్టానికి 3,700 మీటర్ల పైన, మనం బుల్లెట్ మీద ఎక్కాల్సిన కొండ ఆమె చివర్లో గుర్రం మీద ఎక్కింది. అక్కడి గుడి దగ్గరున్న 108 నీటి ధారల కింద తడిసింది కూడా. "సల్లగ లేవా నీళ్ళు?" అని అడిగితే "మంచు నీళ్ళు సల్లగుండక ఉడుకుగుంటయా?" అంది.

వచ్చిన రోజు సంచిలోంచి మన హెడ్ టార్చి తీసి నా చేతిలో పెట్టింది. వెళ్ళేటప్పుడు పెట్టె తెరిచి తీసుకుందట, నాకు తెలియదు. "మంచిగ పనిచేసింది బిడ్డా. ఒకనాడు కరెంటు పోతే అందరికీ నేనే తొవ్వ సూపిచ్చిన."

ఆ విధంగా మీలో 31వ అంశం విదేశం చూసి వచ్చింది. "కొన్నది" అన్న చోట అన్నిటికీ టిక్కులున్నాయి. పక్కన "వాడినది" అని ఇంకో గడి గీసి దానికొక్కదానికి టిక్కు పెట్టాను. మిగతా 142 దాన్ని చూసి ఏమనుకుంటున్నాయో మీకే తెలియాలి.

ఇట్లు,
టీఎస్ 06 బండి వాడు

తా.క.: ముక్తినాథ్ దారిలో జోమ్‌సోమ్ అనే ఊరి దగ్గర మధ్యాహ్నం నుంచి గాలి మనిషిని తోసేస్తుందట, ఆ లోయ పొద్దున్నే దాటాలని అమ్మ చెప్పింది. ఇంత ముఖ్యమైనది మీలో ఎక్కడా లేదు. రాయబోయి ఫోను జేబులో పెట్టుకున్నాను.