మేడమీది పాత రౌటర్ గారికి

మహారాజశ్రీ మేడమీది పాత రౌటర్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉభయం అన్నది అలవాటుకొద్దీ రాశాను. తమరు కుశలమే, పచ్చలైట్లు చక్కగా మిణుకుతున్నాయి. లేనిదల్లా మాకే.

నిన్న ఆదివారం రెండింటికి కరెంటు పోయి మూడు కావస్తుండగా వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ మూలిగింది, ఫోన్లన్నిటికీ వైఫై గుర్తు నిండుగా వచ్చింది. పక్కనే చిన్న ఆశ్చర్యార్థకం. కనెక్ట్ అయిందట, ఇంటర్నెట్ లేదట. భోజనానికి పిలిచి, ఆకు వేసి, నీళ్లు చల్లించి, వడ్డించేవాడు మాయమైనట్టు.

నాలుగింటికి అమ్మాయికి వీడియో ఇంటర్వ్యూ. కస్టమర్ కేర్ అబ్బాయి, "ఒకసారి ఆఫ్ చేసి, రెండు నిమిషాలాగి ఆన్ చేయండి సార్" అన్నాడు. చేశాను. మేడెక్కి తమరిని ఆపి, కిందికొచ్చి, బయటి నుంచి నెట్ తెచ్చి తమరికి కేబుల్ మీద పంపే హాల్లోని ఫైబర్ పెట్టెను ఆపి, ఇది ఆన్ చేసి, మళ్లీ మేడెక్కి తమరిని ఆన్ చేసి. పద్దెనిమిది మెట్లు, ఆరుసార్లు. పోనీ నెట్టే పోయిందనుకుందామా అంటే, వైఫైతో పని లేకుండా లాన్ కేబుల్ అనే వైరు మీదున్న టీవీలో అమ్మ సీరియల్ నిక్షేపంగా ఆడుతోంది! ఆ మాట చెప్పాక కేర్ అబ్బాయి, "అయితే మా లైన్ క్లియర్ సార్" అని ఫోన్ పెట్టేశాడు. అమ్మాయి ఫోన్ డేటాతో వరండాలో నిలబడి ఇంటర్వ్యూ ఇచ్చింది. వెనక ఆరేసిన నా లుంగీ కూడా అందులో పాల్గొంది.

సాయంత్రం, కోపం మీద ఫోన్ సెట్టింగులన్నీ కెలుకుతుంటే కనపడింది. ఇంటి నెట్‌వర్క్‌లో నా ఫోన్‌కి దక్కిన నంబరు అడ్రస్ 192.168.0.104. అమ్మ ఫోన్‌ది 105. టీవీకి మాత్రం మా మేనల్లుడు ఎప్పుడో చేత్తో కొట్టిపెట్టిన 192.168.1.50. సున్నా ఉన్నచోట ఒకటి. ఒకటి ఫైబర్ పెట్టె వరస, సున్నా తమరి వరస. ఆ ఒక్క అంకె దగ్గర నా ఆదివారం పోయింది.

ఫైబర్ పెట్టె నిద్రలేచి, లైన్ కలుపుకుని, ఒళ్లు విరుచుకునేసరికి రెండు మూడు నిమిషాలు. తమరికి అరనిమిషం చాలు. ఈలోపు ఇంట్లో ఫోన్లన్నీ "మాకో అడ్రస్ ఇవ్వండయ్యా" అని కేకేస్తాయి. ముందెవరు పలికితే వాళ్లదే రాజ్యం. ఇలా అడ్రస్‌లు పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు. తమరు పలికారు. అడ్రస్‌లు పంచారు. పైగా "గేట్‌వేని నేనే, బయటికెళ్లాలంటే నా మీదుగానే" అన్నారు. ఎటునుంచి పంపుతారండీ బయటికి? కింది నుంచి వచ్చిన కేబుల్ తమరి లాన్ సాకెట్లో, అంటే ఇంట్లోవాళ్ల కోసం పెట్టిన సాకెట్లో ఉంది. బయటి నెట్ అందుకోవాల్సిన వాన్ (WAN) సాకెట్లో సాలీడు కాపురముంది. నీకెక్కడిదిరా ఇంటర్నెట్? దారి తెలియనివాడివి నోర్మూసుకుని కూర్చోవచ్చుగా! పంచాయతీ తీర్చేవాడిలా ముందుకొచ్చి ప్రతివాడికీ అడ్రస్ రాసిస్తావా? ఆరుసార్లు మెట్లెక్కి ఆరుసార్లూ నీకే పట్టాభిషేకం చేసొచ్చాను నేను! కింద పెట్టెను ఆపిన ప్రతిసారీ నీకు పోటీయే లేకుండా చేశాను!



రాత్రి మేనల్లుడికి ఫోన్ చేసి నీ మీద చాడీలు చెప్పాను. వాడు అంతా విని, "మామయ్యా, దసరాకి వచ్చినప్పుడు దాంట్లో డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి వెళ్లాను కదా. ఎవరన్నా రీసెట్ కొట్టారా? కొడితే అది మళ్లీ ఆన్ అవుతుంది" అన్నాడు.

గురువారం. మేడమీద స్లోగా ఉందని. పిన్నీసు పెట్టి, లైట్లన్నీ ఒక్కసారి వెలిగేదాకా పది సెకన్లు నొక్కింది ఎవరో నీకూ తెలుసు. పాత వైఫై పేరూ పాస్‌వర్డూ మళ్లీ ఎక్కించి, "ఇంజనీర్లెందుకు, ఈ మాత్రం మనకి రాదా" అని మా ఆవిడతో అన్నది కూడా ఆ మనిషే. నాలుగు రోజులు కింది పెట్టె ఎలాగో ముందు పలుకుతూ నెట్టుకొచ్చింది. కరెంటు పోయింది, బండారం బయటపడింది.

"ఏమో రా, పిల్లలెవరో నొక్కుంటారు" అన్నాను వాడితో.

వాడు చెప్తుంటే బ్రౌజర్లో 192.168.0.1 కొట్టి, డీహెచ్‌సీపీ ఆపి, నీకు 192.168.1.2 అని కొత్త అడ్రస్ ఇచ్చాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఫోన్లో ఆశ్చర్యార్థకం పోయింది. 2020లో ఇద్దరు పిల్లల క్లాసులూ నా ఆఫీసూ ఒక్కదానివే మోశావని అప్పుడు గుర్తొచ్చింది. యాంటెన్నా మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాను.

నీ నెత్తిన ఒక కాగితం అంటించాను, చూసుకో. 'పిన్నీసు పెట్టరాదు' అని. మా ఆవిడ అది చదివి, "ఇంట్లో ఇది చదవాల్సింది ఎవరు?" అని అడిగింది. అమ్మ సీరియల్ సౌండు కొంచెం పెంచాను.

ఇట్లు,
కింది హాల్లో నివాసి