వద్దన్నా ఆసుపత్రిలో చేర్చాక అడిగే దిక్కెవరు?

2020 మే 16న విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి ఉన్న మనిషి వీడియో తెలుగువాళ్లంతా చూశారు. ఆయన నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు సుధాకర్. మాస్కులు లేవని బాహాటంగా అన్న కొద్దిరోజులకే సస్పెండయ్యారు. పోలీసులు ఆయన్ని పట్టుకెళ్లాక చివరికి తేలింది ప్రభుత్వ మానసిక వైద్యశాలలో. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. జూన్‌లో, తల్లి వేసిన పిటిషన్ మీద, ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోవచ్చని చెప్పింది.

ఆయనకు జబ్బుందా లేదా అన్న చర్చ నాకక్కర్లేదు. హైకోర్టు దాకా వెళ్లే తల్లి లేనివాళ్ల సంగతేమిటన్నదే నా ప్రశ్న.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కాగితం మీద గట్టిదే. 89వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే నామినేటెడ్ ప్రతినిధి, అంటే ఆ మనిషి తరఫున నిలబడేవాడు, దరఖాస్తు పెట్టాలి. ఒక సైకియాట్రిస్టు, మరో వైద్యుడో నిపుణుడో విడివిడిగా చూసి ఒకే మాట చెప్పాలి. తనకో ఇతరులకో హాని చేసే స్థితి, లేదా తన బాగోగులు తాను చూసుకోలేని స్థితి ఉండాలి. ఈ సెక్షన్ కింద ఉంచగలిగే గడువు 30 రోజులు. ఆ చేరిక కబురు సమీక్షా బోర్డుకు ఏడు రోజుల్లో, ఆడవాళ్లూ మైనర్లూ అయితే మూడు రోజుల్లోనే చేరాలి.

అసలు కీలకం ఈ బోర్డే. మనిషి ముందుగా ఎవరినీ రాసివ్వకపోతే ప్రతినిధి సాధారణంగా చుట్టమే అవుతాడు. ఆస్తి తగాదా ఉన్న చుట్టమూ కావచ్చు. అది గదిలో పావుగంట చూసే డాక్టరుకు ఎలా తెలుస్తుంది? జిల్లా జడ్జి స్థాయి అధ్యక్షుడు, కలెక్టరు ప్రతినిధి, వైద్యులు, జబ్బును అనుభవించినవాళ్లో వాళ్లను చూసుకునేవాళ్లో ఉండే బోర్డు అడిగితేనే తెలుస్తుంది. చట్టం 2018 మేలో అమల్లోకొచ్చినా చాలా రాష్ట్రాల్లో బోర్డుల ఏర్పాటు ఏళ్ల తరబడి నానింది. బోర్డు లేని చోట 89వ సెక్షన్ అంటే రెండు సంతకాలు, ఒక తాళం.

అలాగని బలవంతపు చేరికే వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. నాలుగు రాత్రులు నిద్రపోకుండా కత్తిపీట పట్టుకు తిరిగే కొడుకు, పక్క గదిలో చిన్నపిల్లలు. ఆ తల్లికి హక్కుల పాఠం చెప్పి పంపేస్తే ఆమె వెళ్లేది ఏ మఠానికో, దర్గాకో. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర అలా గొలుసులతో కట్టేసి ఉంచినవాళ్లు 28 మంది మంటల్లో పోయారు. గొలుసులు నిషేధమని ఇప్పుడు చట్టమే అంటోంది, సరే.

కాబట్టి అడగాల్సింది చిన్నదే. ఎర్రగడ్డలోగానీ విశాఖలోగానీ నిరుడు 89వ సెక్షన్ కింద ఎంతమంది చేరారు? వాటిలో ఎన్నింటిని బోర్డు తిరిగి చూసి, ఎందరిని ఇంటికి పంపమంది? ఈ అంకెలు ఏటా ప్రభుత్వాలే బయటపెట్టాలి. పేర్లు అక్కర్లేదు.