పిట్ట కొంచెం, లోడు ఘనం

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడేసరికి బెజవాడ ఆటోనగర్‌లో ఏటా ఒక కొత్త ఆర్థిక సిద్ధాంతం పుడుతుంది. ఈ ఏటిది ఇదీ: షామియానా సప్లయ్ వాళ్ల పాత డీజిల్ వ్యానుకు ఇంజన్ పోయిందా, బోరు చేయించి (అంటే అరిగిన సిలిండర్లు తొలిపించి), డీజిల్ పంపు బాగుచేయించి డబ్బు తగలేయడం దేనికి? పన్నెండు వందల సీసీ పెట్రోలు ఇంజన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి ఎక్కించేస్తే సరి. పొగ ఉండదు, సౌండు ఉండదు, మైలేజీ మాత్రం ఉంటుంది. వెనక ఒక హుక్ వెల్డింగ్ చేయించుకుంటే పెళ్లి జనరేటర్ కూడా అదే లాక్కుపోతుంది.

ఈ సిద్ధాంతాన్ని చూసి నవ్వేవాళ్లంటే మాకు గిట్టదు. నవ్వే ముందు లెక్క వేయాలి. వ్యాను, అందులో గుడ్డలు, కుర్చీలు, కుర్రాళ్లు కలిపి మూడున్నర టన్నులు అనుకుందాం. వెనక సైలెంట్ జనరేటర్, ట్రాలీతో సహా టన్నున్నర. మొత్తం ఐదు టన్నులు. చదును రోడ్డు మీద ఈ బరువు గంటకు 60 కిలోమీటర్లతో పోవాలంటే టైర్ల రాపిడికీ గాలికీ కలిపి ఇంజన్ ఇవ్వాల్సింది దాదాపు 25 హార్స్‌పవర్. మన 1.2 లీటర్ల ఇంజన్ కాగితం మీద 80 ఇస్తుంది. మంగళగిరి, కాజ, పెదకాకాని మీదుగా గుంటూరు దాకా రోడ్డేమో ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. అంటే సిద్ధాంతం గెలిచింది. మధ్యలో ఎక్కడా ఆగకూడదు, కొండ ఎక్కకూడదు, అంతే.

ఆగాల్సి వస్తే ఏమవుతుందో కాజ టోల్‌గేట్ చెబుతుంది. హార్స్‌పవర్ పరుగు మీదున్న బండికి పనికొస్తుంది. నిలబడ్డ బండిని కదిలించేది పుల్లింగ్, అంటే తక్కువ ఆర్పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లలో) దొరికే టార్క్, తిప్పే బలం. ఈ చిన్న ఇంజన్ తన మొత్తం 104 న్యూటన్ మీటర్లు ఇచ్చేది 3,000 ఆర్పీఎం దగ్గర. టెంపో ట్రావెలర్‌లో వచ్చే 2.6 లీటర్ల డీజిల్ 1,400 దగ్గరే 350 ఇస్తుంది. ఈ తేడాను ఎవరో ఒకరు భరించాలి. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే ఆ త్యాగమూర్తి పేరు క్లచ్ ప్లేట్.

డ్రైవరు హాఫ్ క్లచ్‌లో యాక్సిలేటర్ తొక్కి ఐదు టన్నుల్ని లేపుతున్నంతసేపూ ప్లేటు ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) మీద రాసుకుంటూనే ఉంటుంది. చిన్న ఇంజన్‌తో వచ్చిన ప్లేటు ఏడెనిమిది అంగుళాలది, ఒక టన్ను పైచిలుకు బండి కోసం చేసింది. ముందు కాలిన వాసన వస్తుంది. తర్వాత ఆర్పీఎం లేస్తుంది గానీ బండి లేవదు. గేర్‌బాక్స్ దింపి చూస్తే ప్లేటు లైనింగ్ అద్దంలా నున్నబడి, రివెట్లు పైకి తేలి ఉంటాయి. ఫ్లైవీల్ మీద నీలంరంగు మచ్చలు కనిపిస్తాయి, ప్రెషర్ ప్లేట్ వంకర పోయి ఉంటుంది. ఒక్క ప్లేటు మార్చి ఊరుకుంటే కదిలేటప్పుడు వ్యాను పూనకం వచ్చినట్టు ఊగుతుంది. ప్లేటు, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ మార్చి, ఫ్లైవీల్‌ను లేత్ మీద పట్టించాలి. ఆటోనగర్‌కు ఇంతకన్నా ఉపాధి హామీ ఏ ప్రభుత్వం ఇస్తుంది?

ఇక కొండ. కోటప్పకొండలో పెళ్లి ఒప్పుకున్నారనుకోండి. పదిహేను మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు తగిలిందంటే ఐదు టన్నుల్ని పైకి నెట్టడానికి చక్రాల దగ్గర దాదాపు 3,900 న్యూటన్ల బలం కావాలి. గేర్లూ, క్రౌనూ (వెనక ఇరుసులోని పెద్ద పళ్ల చక్రం) తినేది కూడా కలుపుకుంటే, మన ఇంజన్ టార్క్‌ను పధ్నాలుగు పదిహేను రెట్లు పెంచితే తప్ప బండి ఎక్కదు. మామూలు రెండో గేరుకు అంత సీను లేదు. కనుక ఫస్ట్ గేరు, 4,000 ఆర్పీఎం అరుపు, గంటకు 28 కిలోమీటర్లు. ఏసీ మీట జోలికి ఎవరూ పోకూడదు.

మైలేజీ ఉంటుందని సిద్ధాంతం చెప్పింది కదా. యాక్సిలేటర్ నేలకు అంటాక ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పొదుపు మానేస్తుంది. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. ఫుల్ లోడు మీద వాల్వులూ క్యాటలిటిక్ కన్వర్టరూ కాలిపోకుండా చల్లబరచడానికి పెట్రోలు ఎక్కువ పోసి, గాలిని పన్నెండు, పదమూడు పాళ్లకు తెస్తుంది. ఆ ఎత్తులో లీటరుకు రెండు కిలోమీటర్లు వస్తే ఇంటికెళ్లి దిష్టి తీయించుకోవాలి. పెట్రోలు వంద దాటి చాలా కాలమైంది కనుక ఆ లెక్క విడిగా చెప్పం. మే నెలలో 45 డిగ్రీల ఎండైతే గాలి పలచబడి పవర్‌లో ఆరు శాతం దాకా అక్కడే పోతుంది. దానికి తోడు ఇంజన్ కొట్టుకోకుండా ఈసీఎం స్పార్క్ పడే టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ ఇంకాస్త తగ్గుతుంది. రేడియేటర్ కూడా చిన్న బండిదే పెట్టి ఉంటే తర్వాతి మజిలీ హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ తలకూ ఒంటికీ మధ్య ఉండే పొర) కాలిపోవడం.

ఈ దశలో డల్లాస్ అల్లుడుగారి వాట్సాప్ మెసేజ్ వస్తుంది. "మావయ్యగారూ, ఇక్కడ పెద్ద వ్యాన్లన్నీ చిన్న పెట్రోలు ఇంజన్లతోనే ట్రైలర్లు లాగుతున్నాయండీ!" అబద్ధం కాదు. ఫోర్డ్ ట్రాన్సిట్‌లో పెట్టిన 3.5 లీటర్ల ఎకోబూస్ట్, అంతకుముందు ఎకనోలైన్‌లో ఉన్న 5.4 లీటర్ల వీ8 కన్నా ఎక్కువ లాగుతుంది. దాని టార్క్ 540 న్యూటన్ మీటర్ల పైన, వీ8ది 475 దరిదాపు. అయితే అల్లుడుగారు చిన్నదన్న ఆ ఇంజన్ మనదానికి మూడింతలు. దానికి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే రెండు టర్బోలు, ఇంటర్‌కూలర్, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంటాయి. గేర్లు, క్రౌన్, రేడియేటర్ అన్నీ ఆ బరువును చూసి కంపెనీయే కూర్చినవి. ఆయన ఇంజన్ సైజు చెప్పి ఊరుకున్నారు, మిగతాది మన ఊహకు వదిలారు.

ఎక్కడం ఎలాగో అయింది, దిగడం ఉంది. ఇంజన్ మార్పిడిలో ఎవరికీ గుర్తుండని భాగం బ్రేకు. చాలా డీజిల్ వ్యాన్లలో బ్రేక్ బూస్టర్‌కు (పెడల్ తొక్కుడుకు బలం చేర్చే డబ్బాకు) వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. డీజిల్ ఇంజన్ దింపితే అదీ దానితోపాటే పోతుంది. పెట్రోలు ఇంజన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలి లోపలికి వెళ్లే గొట్టాలు) నుంచి పైపు లాగి, మధ్యలో గాలిని ఒక్క దిక్కుకే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టి బూస్టర్‌కు కలపాలి. అది మరిస్తే పెడల్ రాయి అవుతుంది. కలిపినా, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు. బూస్టర్‌లో నిలవున్నది ఒకటి రెండు తొక్కుళ్లకే. దిగేటప్పుడు గేరులో పట్టి ఆపుదామంటే 1.2 లీటర్ల ఇంజన్ పట్టు ఐదు టన్నులకు ఏ మూలకూ రాదు. ట్రాలీకి సొంత బ్రేకు లేకపోతే ఆ టన్నున్నర వెనక నుంచి నెడుతూనే ఉంటుంది.

ఆ ట్రాలీ మీద జనరేటర్‌ను ఎక్కడ కూర్చోబెట్టారన్నదీ చూడాలి. ట్రాలీ బరువులో పదో వంతుకు అటూ ఇటుగా, అంటే 150 కిలోల దాకా హుక్ మీద పడాలి. జనరేటర్ వెనక్కి జరిగి హుక్ తేలికైతే స్పీడులో ట్రాలీ తోక ఊపడం మొదలెడుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకుండా కాలు తీసేయాలి. హుక్ కింద రెండు చైన్లు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేయాలి. హుక్ ఊడినా ట్రాలీ మూతి వాటి మీద ఆగుతుంది.

కాగితాల దగ్గర సిద్ధాంతం ఎప్పుడూ మౌనం వహిస్తుంది. ఆర్సీలో ఇంజన్ నంబరు, సీసీ, ఇంధనం మూడూ మారాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలాంటి మార్పు సొంతంగా చేయనివ్వదు, అనుమతి కావాలి. ట్రాలీకి రిజిస్ట్రేషన్ వేరు. బీమా కంపెనీ ఆర్సీ చదివేది యాక్సిడెంట్ అయ్యాకే.

ఇంత విన్నా ఎక్కించి తీరతామనేవాళ్లకు మా మద్దతు ఉంటుంది. కావాల్సినవి ఇవీ: రేషియో ఎక్కువున్న క్రౌన్ పినియన్, పెద్ద రేడియేటర్, పెద్ద ప్లేటుకు తగ్గ ఫ్లైవీల్, ట్యాంకులో పెట్రోలు పంపు, ఇంజన్‌కు జతైన ఈసీఎం, దాని వైరింగ్ మొత్తం, బ్రేకు వాక్యూమ్ పైపు, వాల్వు. ఒక్కోదానికి మేస్త్రీ చేత రేటు రాయించి, ఆ చీటీని పాత డీజిల్‌కు బోరు, పంపు ఖర్చు రాసిన చీటీ పక్కన పెట్టుకోండి. కూడిక చేశాక మాకు చెప్పనక్కర్లేదు, జనరేటర్‌ను ఏదైనా డీజిల్ పికప్‌కు తగిలించి పంపేయండి.