అది రెండు కుటుంబాల గొడవ కాదు

మన సినిమాల్లో ప్రేమజంటకు అడ్డుపడే పగ ఎక్కువగా సరిసమానుల మధ్యే ఉంటుంది. ఇటూ మేడే, అటూ మేడే. ఇద్దరికీ పొలాలు, మనుషులు, కత్తులు ఉంటాయి. చివర్లో పెద్దలు చేతులు కలిపితే శుభం కార్డు పడుతుంది.

ఊళ్లలో జరిగేది వేరు. కులాంతర ప్రేమపెళ్లిళ్ల కేసుల్లో చాలావాటిలో ఒక కుటుంబానికి భూమి, డబ్బు, ఎమ్మెల్యేకి నేరుగా ఫోన్ చేయగల చనువు ఉంటాయి. రెండో ఇంటికి రెక్కల కష్టం, చదువుకున్న కొడుకు తప్ప ఏమీ ఉండవు. ఆ కొడుకు తల్లిదండ్రులకు ఎవరి మీదా పగ లేదు. ఉన్నదల్లా భయం.

మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో ఒక దళిత యువకుడిని, గర్భవతి అయిన భార్య కళ్లముందే, సుపారీ ఇచ్చి నరికించారు. ప్రేమించి పెళ్లి చేసుకోవడమే అతని నేరం. నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో వచ్చింది: ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. అంటే ఆరేళ్లు దాటాక. అన్నేళ్లూ అతని కుటుంబం కోర్టు చుట్టూ తిరిగింది. దీన్ని రెండు కుటుంబాల గొడవ అని ఎలా అంటాం?

అయినా మన పోలీస్ స్టేషన్లు చాలాసార్లు అలాగే చూస్తాయి. మేజర్లయిన జంట రక్షణ కోరి వచ్చేసరికే అమ్మాయి వైపు నుంచి మిస్సింగ్ కేసో, కిడ్నాప్ కేసో నమోదై ఉంటుంది. ఇరువైపులవాళ్లనీ పిలిపించి కౌన్సెలింగ్ మొదలుపెడతారు. కులపెద్దలు దిగుతారు. 'నాలుగు రోజులు ఇంటికి రామ్మా, మేమే ఘనంగా చేస్తాం' అని అమ్మాయిని బతిమాలతారు. ఇద్దరి మాటా విన్నట్టే కనిపిస్తుంది. కానీ ఒకరు కార్లలో మందీమార్బలంతో వస్తే, ఇంకొకరు తలుపు దగ్గరే నిలబడిపోయే చోట మధ్యస్థంగా ఉండటమంటే బలవంతుడికి వత్తాసు పలకడమే. ఈ మాట అనడానికి నేను సందేహించను.

సుప్రీంకోర్టు 2018 మార్చిలో, పరువు హత్యలపై శక్తివాహిని అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, ఈ విషయం తేల్చేసింది. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదు. ప్రమాదంలో ఉన్న జంటలకు సురక్షిత వసతి గృహాలు ఏర్పాటు చేయాలి, జిల్లాల్లో ప్రత్యేక సెల్స్, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలి, నిర్లక్ష్యం చేసిన అధికారులపై శాఖాపరమైన చర్య తీసుకోవాలి అని ఆదేశించింది. మీ జిల్లాలో ఆ సెల్ ఎక్కడుందో మీకు తెలుసా? పారిపోయి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్లకు తెలుస్తుందా?

వేర్వేరు మతాల జంటకు చట్టమే ఇంకో గండం పెట్టింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటించాక 30 రోజులు ఆగాలి. వెతుకుతున్నవాళ్లకు ఆ నోటీసే అడ్రస్ చెప్పేస్తుంది.

ఇంత కోపం కులం వల్లేనా? ప్రధానంగా అంతే. కానీ ఆస్తి సంగతి మరచిపోకూడదు. పూర్వీకుల ఆస్తిలో కూతురికి సమాన వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల్లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. కూతురు కింది కులం ఇంటికి వెళితే పొలంలో వాటా కూడా వెళుతుందన్న లెక్క కొన్ని ఇళ్లలో గట్టిగానే పనిచేస్తుంది.

అందుకే నేను అడిగేది రాజీ కుదర్చమని కాదు. జంట స్టేషన్‌కు రాగానే వయసు ధ్రువపత్రాలు చూడండి. అమ్మాయి వాంగ్మూలాన్ని బంధువులెవరూ లేని చోట, మేజిస్ట్రేట్ ముందు నమోదు చేయించండి. ఆ తర్వాత అబ్బాయి తల్లిదండ్రుల ఇంటికి కాపలా పెట్టండి, ఎందుకంటే జంట దొరకనప్పుడు దాడి జరిగేది వాళ్ల మీదే.