ఎవ్రీవన్ గారికి సర్వాధికారాలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు, ఒక ప్రభుత్వం తన దస్త్రాలన్నింటినీ మూటగట్టుకొని మద్రాసు నుండి ఇక్కడికి తరలివచ్చింది. కచేరీలు గుడారాల్లో నడిచాయి. మూడేళ్లు గడిచాక, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఇంత దూరం తిరిగిన ఆ దస్త్రాలలో ఒక్కటైనా, గుమాస్తా ముడి విప్పబోతే "నన్ను తెరవడానికి నీకేం హక్కుంది" అని నిలదీసినట్టు ఎవరూ చెప్పగా వినలేదు. ఆనాటి దస్త్రాలకు క్రమశిక్షణ లేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. నేటి డేటాబేసు ఫైలు అటువంటిది కాదు. వన్‌టౌన్‌లోని ఒక బియ్యం అంగడిలో పాత కంప్యూటరు మీద నుండి పక్క బల్ల మీది కొత్త కంప్యూటరుకు, అంటే చేయి చాపితే అందే దూరం, ప్రయాణించినంత మాత్రాన అది యజమానిని గుర్తుపట్టడం మానుకుంటుంది.

జరిగే తంతు ఏ అంగడిలోనైనా ఒక్కటే. బిల్లింగు సాఫ్ట్‌వేరు వెనుక ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే, లెక్కలు దాచే ఉచిత డేటాబేసు సరుకు ఉంటుంది. దాని లెక్కలన్నీ ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్ అనే రెండు ఫైళ్లలో ఉంటాయి. వాటిని పెన్‌డ్రైవులో తెచ్చి, కళ్లెదుట ఉంటే ఎక్కడికీ పోవన్న నమ్మకంతో కొత్త కంప్యూటరు డెస్క్‌టాప్ మీద పెట్టి, ఆ ఫైళ్లను డేటాబేసు సర్వరుకు తగిలించే అటాచ్ అనే మీట నొక్కుతారు. 5120 నంబరు ఎర్రరు వస్తుంది. దాని కడుపులో "ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 5, యాక్సెస్ ఈజ్ డినైడ్" అన్న మాట ఉంటుంది.

"అంగడి నాది, కంప్యూటరు నాది, బాకీలు నావి. నన్నే లోపలికి రావద్దంటాదేందిరా?" అని యజమాని అడిగితే, "మీకు ఉందన్నా, ఆ సర్వీసుకు ల్యా" అని కంప్యూటరు అబ్బాయి జవాబిస్తాడు. ఈ జవాబు అక్షరాలా నిజం. అందుకే ఎవరికీ అర్థం కాదు.

ఫైలును తెరవవలసినవాడు కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కడే కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ తనదైన ఒక ఖాతాతో, తెర వెనుక, ఒక సర్వీసుగా నడుస్తుంది. డెస్క్‌టాప్ మీద పడ్డ ఫైలుకు మామూలుగా యజమాని, అడ్మినిస్ట్రేటర్లు, సిస్టమ్ అనే ముగ్గురే హక్కుదారులు. రాత్రనక పగలనక లెక్కలు రాసే ఆ సర్వీసు పేరు ఆ జాబితాలో ఉండదు. పోనీ చేర్చుదామని సెక్యూరిటీ ట్యాబు తెరిచి వెతికితే, వెతుకులాటలోనూ కనిపించదు. "ఎన్‌టీ సర్వీస్" అని మొదలుపెట్టి, ఒక వెనుకగీత (బ్యాక్‌స్లాష్) గీసి, "ఎంఎస్‌ఎస్‌క్యూఎల్" అని రాసి, డాలరు గుర్తు పెట్టి, "ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ప్రెస్" అని పూర్తి పేరు తప్పు లేకుండా టైపు చేసినవారికే అది దర్శనమిస్తుంది. పేరు ముందే తెలిసినవారికి మాత్రమే పేరు చూపించే ఈ ఏర్పాటును కనిపెట్టినవారు మన సచివాలయాలలో పని నేర్చుకున్నారేమోనని ఈ వ్యాసకర్తకు అనుమానం.

ఇక 1993లో, విండోస్ తన ఫైళ్లను, వాటి హక్కులను దాచే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో వచ్చిన ధర్మశాస్త్రం చూడండి. ఫైలును కాపీ చేస్తే, చేరిన ఫోల్డరు హక్కులు దానికి వస్తాయి. అదే డ్రైవులో ఒక చోటు నుండి మరో చోటికి జరిపితే మాత్రం పాత హక్కులనే వెంటబెట్టుకొని వెళుతుంది. ఎవరో పుణ్యాత్ములు "దాన్ని సర్వర్ వారి డేటా ఫోల్డరులో పెట్టండి" అని చక్కటి సలహా ఇస్తారు. యజమాని డెస్క్‌టాప్ మీది ఫైలును మౌసుతో పట్టి ఆ ఫోల్డరులోకి లాక్కుపోతాడు. రెండూ సీ డ్రైవులోనే ఉన్నాయి కాబట్టి అది కాపీ కాదు, తరలింపు. ఫైలు సరైన ఇంట్లో, పాత హక్కులతో, మునుపటిలాగే తలుపు వేసుకొని కూర్చుంటుంది. సలహా ఇచ్చినవారికి మాట వస్తుంది. కంట్రోల్ మీట నొక్కి పట్టుకొని లాగి ఉంటే కాపీ అయ్యేదన్న సంగతి ఆ గందరగోళంలో ఎవరికి తడుతుంది? పాత హార్డ్ డిస్కునే పీకి తెచ్చి బిగించినవారి కష్టం ఇంకొకటి. అక్కడ పాత యజమాని పేరు ఉండవలసిన చోట "అకౌంట్ అన్‌నోన్" అనీ, పక్కన ఎస్-1-5-21తో మొదలయ్యే మూరెడు గుర్తింపు సంఖ్య అనీ కనిపిస్తాయి. ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా కొత్త కంప్యూటరు లెక్కలో అతడు అనామకుడే.

ఇటువంటి ధర్మసంకటంలో ఆదుకునే మహానుభావుడు ఎవ్రీవన్ గారు, అంటే హక్కుల జాబితాలో "అందరూ" అన్న అర్థంతో విండోస్ పెట్టిన పేరు. ఆయన గుర్తింపు సంఖ్య ఎస్-1-1-0, ఏ విండోస్ కంప్యూటరులోనైనా అదే. పేరు పలకడం తేలిక, వెతికితే దొరుకుతారు, రావడానికి మొహమాటపడరు. ఆయన పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ గడిలో ఒక్క టిక్కు పెడితే, కింద మాడిఫై, రీడ్, రైట్ గడులన్నీ వాటంతటవే నిండిపోతాయి. ఆ నిండడం చూస్తుంటే యజమాని ముఖంలో కళ వస్తుంది. ఫైలు తెరుచుకుంటుంది. తరువాత అదే ఫోల్డరును గోదాములోని కంప్యూటరు కోసం నెట్‌వర్కులో, అక్కడ కూడా ఎవ్రీవన్ గారి పేరు మీదే, షేరు చేస్తారు. బస్తాకు పది రూపాయలు అప్పు పెట్టమంటే ఊరూ పేరూ అడిగే అంగడి, ఏళ్ల తరబడి పెరిగిన బాకీల పద్దును చెరిపివేసే హక్కును ముక్కూ ముఖం తెలియని ఎవ్రీవన్ గారికి రాసిచ్చింది. ఔదార్యం అంటే ఇది.

పాతకాలపు చాదస్తులు కొందరు వేరే దారి చెబుతారు. పాత కంప్యూటరులో బ్యాకప్ తీసి, ఆ బీఏకే ఫైలును తెచ్చి, కొత్త దానిలో రిస్టోర్ చేయాలట. అప్పుడు ఎండీఎఫ్ ఫైలును సర్వీసే తన ఫోల్డరులో తన చేతులతో సృష్టిస్తుంది కనుక హక్కుల పేచీ పుట్టదట. ఆ బీఏకేను కూడా డెస్క్‌టాప్ మీద పెట్టి రిస్టోర్ చేయబోతే మళ్లీ ఎర్రర్ 5 వస్తుందనుకోండి, సర్వీసు చదవగల ఫోల్డరులో పెడితే సరిపోతుంది. ఈ పద్ధతి నిజంగానే పనిచేస్తుంది. గొడవ లేదు, అరుపులు లేవు, కంప్యూటరు అబ్బాయిని సాయంత్రం దాకా కూర్చోబెట్టి టీ తెప్పించే అవసరం లేదు. పైగా ఎవ్రీవన్ గారికి అవమానం. అందుచేత దీనికి ఆదరణ లేదు.

సర్వీసుకు రీడ్ హక్కు మాత్రమే ఇచ్చి చేతులు దులుపుకున్న పిసినారులకు డేటాబేసు తెరుచుకుంటుంది గానీ, రీడ్-ఓన్లీగా, అంటే చదవడానికే తప్ప రాయడానికి కాకుండా, తెరుచుకుంటుంది. పొద్దున మొదటి బిల్లు కొట్టేటప్పుడు 3906 ఎర్రరు పలకరిస్తుంది. అప్పటికి గిరాకీ గుమ్మంలో ఉంటుంది.

అన్నీ అయ్యాక కౌంటరు కుర్రాడి లాగిన్ తెరుచుకోదు. కొత్త సర్వరులో అదే పేరుతో లాగిన్ సృష్టించినా, పాత ఫైలులోని అతడి గుర్తింపు సంఖ్య వేరు. పేరు ఒకటే, మనిషి వేరని సర్వరు నమ్మకం. ఆల్టర్ యూజర్ అనే ఒక్క వాక్యంతో ఆ ఇద్దరినీ ఒక్కటి చేయవచ్చు. అంత చిన్న వాక్యానికి బిల్లు వేస్తే బాగుండదు గనుక, సర్వరులో అన్నింటికీ అధిపతి అయిన ఎస్‌ఏ ఖాతా పాస్‌వర్డును కుర్రాడికే ఇచ్చి, మరచిపోకుండా ఒక చీటీ మీద రాసి మానిటరు అంచుకు అంటించారు. గోదాము కంప్యూటరు ఇంకా కనెక్ట్ కావడం లేదు. దానికి, బయటివారిని అడ్డుకునే కంచె అయిన ఫైర్‌వాల్ తీసేస్తే సరిపోతుందని, రేపు సాయంత్రం వచ్చి ఆ పని కూడా పూర్తి చేస్తానని కంప్యూటరు అబ్బాయి మాట ఇచ్చి వెళ్లాడు.