ఎవరూ చూడకపోయినా చూస్తున్నట్టే ఉంటుంది

"బెరుకున్నవాళ్లు అవతలి మనిషి కళ్లలోకి చూడటం ప్రాక్టీస్ చేస్తే చాలు" అని బెరుకు పోగొట్టుకోవడం గురించి వచ్చిన వ్యాసంలో రాశారు, అక్కడే నాకు అభ్యంతరం ఉందండీ. కళ్లు దించుకోవడం పైకి కనిపించేది మాత్రమే. ఎదుటివాళ్లు చూడకపోయినా మనల్నే చూస్తున్నట్టు అనిపిస్తుందే, అసలు బాధ అది. 2011లో వచ్చిన ఒక జర్మన్ పరిశోధనలో సోషల్ ఫోబియా (నలుగురిలో ఉండాలంటే విపరీతమైన భయం) ఉన్నవాళ్లకు కంప్యూటర్‌లో ఒక ముఖం చూపించి, దాని చూపు ఎంత పక్కకు జరిగితే 'ఇక నన్ను చూడట్లేదు' అనిపిస్తుందో సర్దమన్నారు. పక్కన రెండో ముఖం కూడా ఉన్నప్పుడు, వీళ్లకు 'నన్నే చూస్తున్నారు' అనిపించే ఆ పరిధి మిగతావాళ్లకన్నా ఎక్కువగా తేలింది.

మా చెల్లెలు అంతే. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే, ఎదురు సీట్లో ఆవిడ కిటికీలోంచి స్టేషన్ బోర్డు చదువుకుంటున్నా సరే, ఇది చున్నీ సర్దుకుని, ఫోన్ తీసి, హోమ్ స్క్రీన్‌నే అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటుంది. అలాంటి పిల్లను ఇంటర్వ్యూ కోచింగ్‌లో అందరి ముందూ నిలబెట్టి "కళ్లలోకి చూడమ్మా, కాన్ఫిడెన్స్ లేదా?" అంటే టెన్షన్ పెరుగుతుందే గానీ తగ్గదు. పైగా పెద్దవాళ్ల ముందు తల దించుకుని మాట్లాడమని చిన్నప్పట్నుంచీ నేర్పింది మనమే కదా!

సీబీటీ (ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) తర్వాత ఆ చూపు పరిధి మామూలు స్థాయికి వస్తుందని 2013లో ఇంకో పరిశోధన చెప్పింది, వ్యాసంలో రాయాల్సిన ముక్క అది. ఎవరికైనా మాట్లాడాలనుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.